హబ్‌తో కలవని పరికరాలు: మాట ఎక్కడ తెగిందో ముందు పట్టుకోండి

మీరు రాసినదాన్ని నాలుగు ముక్కల్లో మళ్లీ చెప్పుకుంటాను, జవాబంతా ఆ వివరాల మీదే నడుస్తుంది కాబట్టి. చిన్న కంప్యూటర్‌లో హోమ్ అసిస్టెంట్ అనే స్మార్ట్ హోమ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారు, అదే మీ హబ్, అంటే ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నింటినీ నడిపే కేంద్రం. దానికి జిగ్‌బీ స్టిక్ గుచ్చారు, అంటే జిగ్‌బీ అనే రేడియో పద్ధతిలో పరికరాలతో మాట్లాడే యూఎస్‌బీ ముక్క. 14 పరికరాలు బాగానే పనిచేస్తున్నాయి. కొత్తగా మూడింటిని చేర్చబోతే మూడూ మొరాయించాయి. పాత ఇంట్లో వేరే హబ్‌తో వాడిన బల్బు అసలు కనిపించడమే లేదు. తలుపు సెన్సార్ కనిపిస్తోంది కానీ సగంలో ఆగిపోతోంది. మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం మీద నడిచే ప్లగ్ క్యూఆర్ కోడ్ చదివించుకుని, చాలాసేపు గిర్రున తిరిగి, చివర్లో కనెక్ట్ కాలేదంటోంది. ఇక హబ్‌నే ఫ్యాక్టరీ రీసెట్ చేసేద్దామా అని అడిగారు.

వద్దు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది. హబ్‌ని రీసెట్ చేస్తే జిగ్‌బీ నెట్‌వర్క్ తాళం, అంటే నెట్‌వర్క్ కీ, మారిపోతుంది. ఇప్పుడు బుద్ధిగా పనిచేస్తున్న ఆ 14 పరికరాలూ పాత తాళం పట్టుకుని దిక్కులు చూస్తుంటాయి. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి, నిచ్చెనెక్కి, మూత విప్పి, మళ్లీ మొదట్నుంచి జత చేసుకుంటూ రావాలి. 14 పరికరాలతో రోజూ మాట్లాడుతున్న హబ్ పాడైందని అనుకోవడానికి ఆధారమే లేదు.

మూడూ ఒకే వారంలో మొండికేశాయి కాబట్టి కారణం ఒక్కటే అయ్యుండాలని మీకు అనిపించింది. మీ వివరాలు చదివితే నాకు మాత్రం మూడు వేర్వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. ఎందుకో చెప్తాను.

పరికరం హబ్‌తో కలవడంలో మూడు మెట్లు ఉంటాయి. మొదట పరికరం "ఇక్కడ ఎవరైనా ఉన్నారా, నాకు చోటుందా" అని కేకేయాలి, ఆ కేక హబ్‌కి వినపడాలి. తర్వాత హబ్ తలుపు తీసి, లోపలికి రానిచ్చి, తాళం చేతికివ్వాలి. ఆ తర్వాత "నువ్వెవరు, ఏ కంపెనీ, నీకేం చేతనవును" అని హబ్ అడగాలి, పరికరం అన్నింటికీ జవాబు చెప్పాలి. ఈ మూడోదాన్నే ఇంటర్వ్యూ అంటారు. యాప్‌లు చేసే ద్రోహం ఏమిటంటే, ఈ మూడింట్లో ఎక్కడ తెగినా ఒకటే మాట చూపిస్తాయి: పరికరం దొరకలేదు, మళ్లీ ప్రయత్నించండి. దాంతో మనం అదే బటన్‌ని ఇరవైసార్లు నొక్కుతూ కూర్చుంటాం.

అందుకే యాప్ తెరని వదిలేసి లాగ్, అంటే జరిగినదంతా హబ్ పంక్తి పంక్తిగా రాసుకునే చిట్టా, చూడండి. జిగ్‌బీని నడపడానికి మీరు జడ్‌హెచ్‌ఏ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే కొత్త పరికరం చేర్చే పేజీలోనే లాగ్ చూపించే వీలుంది. అదే పని చేసే జిగ్‌బీ2ఎంక్యూటీటీ అయితే దానికి లాగ్ పేజీ విడిగా ఉంది. పరికరాన్ని రీసెట్ చేసిన క్షణంలో లాగ్‌లో ఒక్క పంక్తి కూడా కదలకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిందన్నమాట. పరికరం చేరిందని వచ్చి, ఇంటర్వ్యూ విఫలమైందని వస్తే మూడో మెట్టు. రెండు రకాలకీ మందు వేరు. మొదటి రకానికి బ్యాటరీ మార్చినా, రెండో రకానికి పదిసార్లు రీసెట్ కొట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు.

బల్బు

లాగ్‌లో ఏమీ రావట్లేదు, పైగా పాత ఇంటి నుంచి తెచ్చింది. నాకైతే ఇక్కడే విషయం తేలిపోయింది: అది ఇంకా పాత హబ్ సొత్తే.

జిగ్‌బీ పరికరం ఒకసారి ఒక నెట్‌వర్క్‌లో చేరితే ఆ నెట్‌వర్క్ తాళాన్ని, ఛానెల్‌ని తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. కరెంటు పోయినా మర్చిపోదు. మర్చిపోకూడదు కూడా, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఇంట్లో బల్బులన్నీ అనాథలైపోతాయి. అలా గుర్తు పెట్టుకున్న బల్బుకి మీ కొత్త హబ్ ఎంత తలుపు తీసి పిలిచినా పట్టదు. అది కొత్త ఇల్లు వెతకడమే మానేసింది, పాత హబ్ కోసమే చూస్తుంటుంది. తప్పు మీ హబ్‌ది కాదు, రేడియోది కాదు, దూరానిది అంతకన్నా కాదు.

పాత హబ్ ఇంకా మీ దగ్గరే ఉంటే దాన్నొకసారి వెలిగించి, బల్బుకి కరెంటిచ్చి, ఆ యాప్‌లోంచి బల్బుని తొలగించండి. ఇక వెళ్లిపొమ్మని హబ్ కబురు పంపుతుంది, బల్బు జ్ఞాపకం తుడుచుకుని కొత్తదానిలా మారుతుంది. ఇంతకన్నా శుభ్రమైన దారి లేదు. తొలగించేటప్పుడు బల్బు వెలిగే ఉండాలని మాత్రం గుర్తుంచుకోండి. స్విచ్ ఆపేసి తొలగిస్తే హబ్ జాబితాలోంచి పేరు పోతుందే తప్ప బల్బుకి ఆ కబురు అందదు.

పాత హబ్ లేకపోతే బల్బునే రీసెట్ చేయాలి. ఇది ఒక్కో కంపెనీకి ఒక్కో తంతు. ఐకియా బల్బులకి ఆరుసార్లు ఆన్, ఆఫ్ చేయాలి. చాలా ఇతర బల్బులదీ ఇలాంటి లెక్కే, అంకె మారుతుంది. ఫిలిప్స్ హ్యూ బల్బులు మాత్రం స్విచ్ ఎన్నిసార్లు టకటకలాడించినా రీసెట్ కావు. వాటికి హ్యూ డిమ్మర్ రిమోట్‌ని బల్బుకి బాగా దగ్గరగా పట్టుకుని, ఆన్, ఆఫ్ బటన్లు రెండూ కలిపి 10 సెకన్ల పాటు నొక్కి ఉంచాలి. హ్యూ బ్రిడ్జ్ ఉన్నవాళ్లయితే బల్బు మీద ఉండే ఆరు అక్షరాల సీరియల్ నంబర్ యాప్‌లో కొట్టి లాక్కోవచ్చు. ఈ సంగతి తెలియక హ్యూ బల్బుని స్విచ్‌తో గంటసేపు ఆర్పి వెలిగించినవాళ్లని చూశాను. అందులో ఒకడిని నేనే.

స్విచ్‌తో చేసే రీసెట్ ఫలించకపోవడానికి తరచూ తొందరే కారణం. ఎల్‌ఈడీ బల్బు లోపల కెపాసిటర్ ఉంటుంది, స్విచ్ ఆపాక కూడా కాసేపు కరెంటు పట్టి ఉంచుతుంది. మీరు గబగబా ఆపి వేస్తే బల్బు దృష్టిలో కరెంటు అసలు పోనేలేదు. దీపం పూర్తిగా ఆరిందని కళ్లతో చూసి, అప్పుడు వేయండి. సరిగ్గా జరిగితే బల్బు తనంతట తాను మినుకుమంటుంది, లేదా వెలుగు ఒకసారి తగ్గి పెరుగుతుంది. ఆ సైగ రాలేదంటే రీసెట్ కాలేదనే లెక్క. హబ్ వైపు చూడనక్కర్లేదు, లెక్క మళ్లీ మొదలుపెట్టండి. గోడలో డిమ్మర్ స్విచ్ ఉంటే దాని జోలికి పోకుండా మామూలు హోల్డర్‌లో పెట్టి చేయండి.

వరుస కూడా ముఖ్యమే. ముందు హబ్‌లో తలుపు తెరవాలి, అంటే పర్మిట్ జాయిన్ ఆన్ చేయాలి. ఆ తర్వాతే బల్బుని రీసెట్ చేయాలి. రీసెట్ అయిన వెంటనే బల్బు కాసేపు గట్టిగా వెతుకుతుంది, ఆ తర్వాత మెత్తబడుతుంది. తలుపు కూడా ఎప్పటికీ తెరిచి ఉండదు, ఎక్కువలో ఎక్కువ 254 సెకన్లు. మీరు బల్బు రీసెట్ చేసి, ఫోన్ వెతుక్కుని, యాప్ తెరిచేసరికి ఆ హడావుడంతా అయిపోయి ఉంటుంది.

ఇక్కడే నా సొంత గోడు ఒకటి. ఒకసారి కొత్త సెన్సార్ ఒకటి రెండు సాయంత్రాలు తినేసింది. రీసెట్ చేస్తే దీపం చక్కగా మినుకుమంటుంది, జత అయినట్టే ఆగుతుంది, నా హబ్ లాగ్‌లో మాత్రం చడీచప్పుడు లేదు. బ్యాటరీ మార్చాను, స్టిక్ మార్చాను, సెన్సారే చెడిందని వాపసు చేయడానికి పెట్టెలో కూడా సర్దేశాను. తీరా చూస్తే పక్క గదిలో ప్రయోగాల కోసం పెట్టుకున్న పాత కంప్యూటర్‌కి ఇంకో జిగ్‌బీ స్టిక్ ఉంది, దాని తలుపు తెరిచి వదిలేశాను. సెన్సార్ ప్రతిసారీ నిక్షేపంగా దానితో జతకలుస్తోంది! దీపం చెప్పింది నిజమే, జత అయింది. నేను అనుకున్నవాడితో కాదు, అంతే. కాబట్టి ఇంట్లో జిగ్‌బీ హబ్ ఇమిడి ఉన్న స్మార్ట్ స్పీకర్ ఉందేమో చూడండి. ఎకో నాలుగో తరం స్పీకర్‌లో ఉంది. మీరు జత చేస్తున్న సమయానికే ఇంట్లో ఇంకెవరో దాన్ని పరికరాలు వెతకమని అడిగి ఉంటే అది ముందు ఎగరేసుకుపోతుంది.

ఇది చదివేవారిలో జిగ్‌బీలాంటిదే ఇంకో రేడియో పద్ధతి జడ్-వేవ్ వాడేవారు ఉంటే: మీకూ ఇదే జబ్బు, మందు మాత్రం ఇంకా సులువు. చేర్చే ముందు మినహాయింపు, అంటే ఎక్స్‌క్లూజన్, నడపండి. పరికరం ఏ హబ్‌ది అయినా సరే, ఏ హబ్‌తోనైనా మినహాయించవచ్చు. కొత్త పెట్టెలోంచి తీసిన పరికరానికైనా నేను ముందు అదే చేస్తాను, ఫ్యాక్టరీలో పరీక్షించి అలాగే వదిలేసినవి తగులుతుంటాయి. ఇంకోటి, జడ్-వేవ్ రేడియో పౌనఃపున్యం దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపాలో 868.42 మెగాహెర్ట్జ్, అమెరికాలో 908.42. ఒకచోట కొన్న పరికరాన్ని ఇంకోచోటి హబ్‌కి జత చేయాలని చూస్తే ఒకరి భాష ఒకరికి వినపడనే వినపడదు.

సెన్సార్

మీ సెన్సార్ కనిపించింది, చేరింది, కాన్ఫిగర్ చేస్తున్నామన్న దగ్గర ఆగింది. అంటే రెండు మెట్లు ఎక్కేసి మూడోదాంట్లో కూలబడింది. నేను ముందు అనుమానించేది నిద్రని.

బ్యాటరీతో నడిచే సెన్సార్ బతుకంతా నిద్రే. రేడియోని ఎప్పుడూ వెలిగించి ఉంచితే ఆ చిన్న బిళ్ల బ్యాటరీ వారం కూడా రాదు. అందుకే అది ఉండుండి లేచి, నాకేమైనా ఉత్తరాలు వచ్చాయా అని తన పైవాడిని, అంటే హబ్‌ని గానీ మధ్యలో ఉన్న ప్లగ్‌ని గానీ అడిగి, మళ్లీ పడుకుంటుంది. ఆ పైవాడు ఉత్తరాన్ని దాచిపెట్టేది 7.68 సెకన్లే. ఆలోగా సెన్సార్ లేచి అడగకపోతే ఉత్తరం చెత్తబుట్టలోకి పోతుంది. ఇంటర్వ్యూలో హబ్ వరసగా చాలా ప్రశ్నలు వేస్తుంది. మధ్యలో ఒక్క కునుకు తీసినా చాలు, సగం పూర్తయిన ఎంట్రీ ఒకటి మీ జాబితాలో వేలాడుతూ ఉంటుంది.

మందు చాలా చిన్నది. జత చేస్తున్నంతసేపూ దాన్ని నిద్రపోనివ్వకండి. రీసెట్ అయి దీపం మినుకుమన్నాక, ఇంటర్వ్యూ పూర్తయిందని లాగ్‌లో వచ్చేదాకా, ఒకటి రెండు సెకన్లకోసారి బటన్‌ని తేలిగ్గా నొక్కుతూ ఉండండి, లేదా అయస్కాంతాన్ని దగ్గరికీ దూరానికీ ఆడిస్తూ ఉండండి. నొక్కి పట్టుకోకండి, అలా చేస్తే మళ్లీ రీసెట్ అయిపోతుంది. సగంలో ఉన్న ఎంట్రీని తీసేయడానికి కూడా తొందరపడకండి. జడ్‌హెచ్‌ఏలో రీకాన్ఫిగర్, జిగ్‌బీ2ఎంక్యూటీటీలో ఇంటర్వ్యూ అనే బటన్ ఉంటుంది. సెన్సార్‌ని మేల్కొల్పుతూ దాన్ని నొక్కితే చాలాసార్లు మిగతా సగం పూర్తవుతుంది.

ఇది చేసినా ఆగితే బ్యాటరీ. కొత్త సెన్సార్‌లో వచ్చింది కాబట్టి కొత్త బ్యాటరీ అనుకోకండి, అది గోదాములో ఎన్నాళ్లు పడి ఉందో ఎవరికి తెలుసు. మీటరు పెట్టి చూస్తే 3 వోల్టులు నిండుగా కనిపిస్తుంది, అదే మోసం. ఊరికే కూర్చున్న బ్యాటరీ వోల్టేజీ వేరు, రేడియో ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు మిగిలే వోల్టేజీ వేరు. నీరసపడ్డ సీఆర్ 2032 బిళ్ల దీపాన్ని చక్కగా మినుకుమనిపిస్తుంది, కానీ జత చేసేటప్పుడు రేడియో ఆగకుండా పనిచేయాల్సి వచ్చేసరికి చతికిలబడుతుంది. రోజువారీ పనికి సరిపోయి, జత చేసేటప్పుడు మాత్రం చేతులెత్తేసిన బ్యాటరీలు నాకు బోలెడన్ని తగిలాయి. మంచి కంపెనీ కొత్త బిళ్ల వేసి చూడండి.

మీరు చెప్పినదాంట్లో ఇంకో మాట నాకు గుచ్చుకుంది: స్టిక్‌ని నేరుగా కంప్యూటర్ వెనక గుచ్చాను, పక్కనే హార్డ్ డిస్క్ ఉంది అన్నారు. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన డిస్కులు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ గోల చేస్తాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. జిగ్‌బీ మాట్లాడేది సరిగ్గా ఆ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే. అంటే మీ హబ్ చెవి పక్కనే ఎవరో డప్పు కొడుతున్నట్టు. కరెంటుతో నడిచే ప్లగ్గులు, బల్బులు మధ్యలో ఉండి గట్టిగా అరుస్తాయి కాబట్టి మీ 14 పరికరాలూ ఎలాగో నెట్టుకొస్తున్నాయి. చిన్న బిళ్లతో నడిచే సెన్సార్ గొంతు మాత్రం ఆ గోలలో కలిసిపోతోంది.

ఒక మీటరో అంతకన్నా పొడుగో ఉన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, స్టిక్‌ని కంప్యూటర్‌కీ, డిస్కుకీ, వైఫై రౌటర్‌కీ దూరంగా, గోడకి కాస్త ఎత్తున పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఉంటే అందులోనే గుచ్చండి. ఈ జవాబు మొత్తంలో ఒక్కటే పని చేస్తానంటే ఇదే చేయమంటాను. ఖరీదైన కొత్త స్టిక్ కొన్నవాళ్లకన్నా, పాత స్టిక్‌కి కేబుల్ తగిలించినవాళ్లే ఎక్కువ సుఖపడటం చూశాను. కేబుల్ మార్చాక కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేసి ఊరుకోకండి. చాలా కంప్యూటర్లు రీస్టార్ట్‌లో యూఎస్‌బీకి కరెంటు ఆపవు, మొరాయించిన స్టిక్ మొరాయించినట్టే ఉంటుంది. పూర్తిగా ఆపి, స్టిక్ ఊడదీసి, పది సెకన్లాగి పెట్టండి.

ఛానెళ్ల సంగతి కూడా చెప్పాలి, కానీ ముందే హెచ్చరిస్తున్నాను, ఇది చివరి అస్త్రం. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా 16 ఛానెళ్లు. వైఫై 2.4లో అందరూ వాడేవి 1, 6, 11. పేర్లు కలిసినట్టున్నా ఈ రెండు లెక్కలకీ సంబంధం లేదు. వైఫై ఒక్కో ఛానెల్ జిగ్‌బీ ఛానెళ్లు నాలుగింటి మీద పరుచుకుని కూర్చుంటుంది. 15, 20, 25, 26 మాత్రం ఆ మూడు వైఫైల మధ్య సందుల్లోనో చివరనో పడతాయి. 26లో కొన్ని పరికరాలు అసలు చేరవు, కాబట్టి దాని జోలికి పోవద్దు. మీ జిగ్‌బీ ఏ ఛానెల్‌లో ఉందో చూడండి. పక్కనే ఉన్న వైఫై దాని మీదే పడుతుంటే, జిగ్‌బీని కదపకుండా వైఫై రౌటర్‌ని కదపండి. రౌటర్‌లో ఆటో తీసేసి 1కో 11కో స్థిరంగా పెడితే సరిపోతుంది, ఫోన్లు వాటంతటవే సర్దుకుంటాయి. జిగ్‌బీ ఛానెల్ మారిస్తే మాత్రం కొన్ని పరికరాలు వెంట రావు, వాటిని మళ్లీ జత చేయాల్సిందే.

సెన్సార్‌ని ఎక్కడ కూర్చుని జత చేయాలి? దగ్గర పెట్టుకుని చేయండని అందరూ అంటారు, మొదటి ప్రయత్నానికి నేనూ అంటాను, హబ్‌కి రెండు మూడు మీటర్ల దూరంలో. కానీ కొన్ని పాత సెన్సార్లకి ఒక మొండితనం ఉంది. ఎవరి ద్వారా లోపలికి వచ్చాయో వాళ్లనే అంటిపెట్టుకుని ఉంటాయి, వేరే దారి వెతుక్కోవు. హబ్ పక్కన జత చేసి, తీసుకెళ్లి చివరి గది తలుపుకి అంటిస్తే రెండు గంటల్లో మాయం. అలాంటిదైతే అది ఉండాల్సిన తలుపు దగ్గరే, పక్కనున్న ప్లగ్ ద్వారా జత చేయాలి. పర్మిట్ జాయిన్‌ని హబ్ మొత్తానికి కాకుండా ఒక్క ఆ ప్లగ్‌కే తెరిచే వీలు జడ్‌హెచ్‌ఏలోనూ జిగ్‌బీ2ఎంక్యూటీటీలోనూ ఉంది. ఆ మధ్యనున్నది బల్బు అయితే, గోడ స్విచ్‌తో ఎవరూ దాన్ని ఆర్పకుండా చూసుకోవాలి. బల్బు ఆరితే దాన్ని నమ్ముకున్న సెన్సార్‌కి దారి మూసుకుపోతుంది.

ఇంటర్వ్యూ అయిపోయింది కానీ తలుపు తెరిచినా మూసినా ఏమీ చూపించట్లేదా? ఇల్లు అలకగానే పండగ కాదు కదా. పరికరం మోడల్ పేరు హబ్ సాఫ్ట్‌వేర్‌కి తెలియకపోతే అలాగే అవుతుంది. హోమ్ అసిస్టెంట్‌ని తాజా చేయండి. అప్పటికీ రాకపోతే మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా నాకు రాయండి. పెట్టె మీద ఉన్న పేరు కాదు, లాగ్‌లో కనిపించే పేరు.

ప్లగ్

దీనికి జిగ్‌బీతో సంబంధమే లేదు, స్టిక్‌ని మర్చిపోండి. మీది వైఫై మీద నడిచే మ్యాటర్ ప్లగ్. మ్యాటర్ 2022 అక్టోబరులో వచ్చింది, ఒక్క కోడ్‌తో ఏ హబ్‌కైనా కలుస్తుందన్న మాటతో. కలుస్తుంది, కాకపోతే దారిలో ఫోను, బ్లూటూత్, వైఫై, రౌటర్, హబ్ అన్నీ చేతులు కలపాలి.

జరిగేది ఇది. ఫోన్ క్యూఆర్ కోడ్ చదివి బ్లూటూత్‌లో ప్లగ్‌ని పట్టుకుంటుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ దాని చెవిలో చెప్తుంది. ప్లగ్ వైఫైలో చేరుతుంది. అప్పుడు హబ్ దాన్ని ఇంటి నెట్‌వర్క్‌లో వెతికి పట్టుకోవాలి. మీరు చాలాసేపు తిరిగి చివర్లో విఫలమైంది అంటున్నారు కాబట్టి బ్లూటూత్ పని అయిపోయింది, తెగింది వైఫై దగ్గరో ఆ తర్వాతో.

రౌటర్ పేజీలో కనెక్ట్ అయినవాటి జాబితా తెరిచి పెట్టుకుని ఒకసారి ప్రయత్నించండి. ప్లగ్ ఆ జాబితాలోకి రాకపోతే గొడవ వైఫైది. ఇలాంటి ప్లగ్గుల్లో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే వచ్చు. రౌటర్‌లో 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఉన్నా మామూలుగా పనిచేయాలి, కొన్ని రౌటర్లు మాత్రం వచ్చినవాటినల్లా 5 వైపు నెట్టాలని చూస్తాయి. భద్రత డబ్ల్యూపీఏ 3 ఒక్కటే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ 2, 3 కలిపిన పద్ధతికి మార్చండి. జత చేసినంతసేపు 5ని ఆపి చూడటం ఇంకా తేలిక.

ప్లగ్ జాబితాలోకి వచ్చింది, అయినా విఫలమైంది అంటే హబ్‌కి అది కనపడట్లేదు. నా అనుభవంలో ఇక్కడ దొరికే దొంగలు కొద్దిమందే. ఫోన్‌లో వీపీఎన్ నడుస్తుండటం. ప్లగ్ గెస్ట్ వైఫైలో, హబ్ అసలు నెట్‌వర్క్‌లో ఉండటం. రౌటర్‌లో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుకునే ఏపీ ఐసోలేషన్ ఆన్‌లో ఉండటం. ఎప్పుడో ఎవరో సలహా ఇచ్చారని రౌటర్‌లో ఐపీవీ6ని, అంటే నెట్‌వర్క్ చిరునామాల కొత్త పద్ధతిని, ఆపేసి ఉండటం. ఈ చివరిది చాలామందికి తట్టదు. మ్యాటర్ ఇంటి లోపల మాట్లాడేదంతా ఐపీవీ6 మీదే. మీ ఇంటర్నెట్ కంపెనీ ఐపీవీ6 ఇవ్వకపోయినా పర్వాలేదు, కానీ ఇంటి లోపల దాన్ని అడ్డుకోకూడదు. హోమ్ అసిస్టెంట్‌ని డాకర్ కంటైనర్‌లో, అంటే కంప్యూటర్‌లోనే గోడ కట్టి వేరుచేసిన గదిలాంటి చోట, నడుపుతుంటే మ్యాటర్ సర్వర్‌ని హోస్ట్ నెట్‌వర్క్, అంటే ఆ కంప్యూటర్ సొంత నెట్‌వర్క్, మీద నడపాలి, లేకపోతే ఆ వెతుకులాట కేకలు కంటైనర్ గోడ దాటి వెళ్లవు. ఐఫోన్ అయితే యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇచ్చారో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. మొదటిసారి అడిగినప్పుడు కాదని నొక్కేసి మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ప్రతి ప్రయత్నానికీ ముందు ప్లగ్‌ని రీసెట్ చేయండి. మ్యాటర్ పరికరం జత కోసం తలుపు తెరిచేది మామూలుగా 15 నిమిషాలు. ఆ తర్వాత మీరెంత కోడ్ చూపించినా వినదు. ఇంకో మెలిక: ప్లగ్‌ని ఇప్పటికే వేరే యాప్‌లో చేర్చి ఉంటే పెట్టె మీది కోడ్ ఇక పనిచేయదు. అది చెడిపోవడం కాదు, అలాగే తయారుచేశారు. ఆ మొదటి యాప్‌లోకి వెళ్లి, ఇంకో హబ్‌తో పంచుకునే ఆప్షన్ నొక్కితే తాత్కాలికంగా కొత్త కోడ్ ఇస్తుంది, దాన్ని హోమ్ అసిస్టెంట్‌లో కొట్టాలి. పెట్టె మీద 11 అంకెల కోడ్ కూడా ఉంటుంది. క్యూఆర్ గీతలు పడి చదవకపోతే అదే కొట్టండి, రెండూ ఒకటే. ఆ స్టిక్కర్‌ని ఇప్పుడే ఫోటో తీసి దాచుకోండి, ప్లగ్ వెనకాల ఉన్నది సోఫా వెనక సాకెట్‌లోకి వెళ్లాక ఎవరికీ కనపడదు.

తర్వాత ఎప్పుడైనా మ్యాటర్ సెన్సార్ కొనేటట్టయితే పెట్టె మీద థ్రెడ్ గుర్తు ఉందేమో చూసుకోండి. థ్రెడ్ అంటే వైఫై బదులు వాడే ఇంకో రేడియో నెట్‌వర్క్. ఆ గుర్తు ఉంటే దాన్ని ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే థ్రెడ్ బార్డర్ రౌటర్ ఉండాలి. థ్రెడ్, జిగ్‌బీ రెండూ ఒకే రకం రేడియో వాడతాయి, అయినా ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. మీ జిగ్‌బీ స్టిక్ ఉన్నపళంగా దానికి పనికిరాదు.

ఇక ఈ రోజు చేయాల్సిన వరుస. ముందు స్టిక్‌ని ఎక్స్‌టెన్షన్ కేబుల్ మీద దూరంగా పెట్టండి, సెన్సార్‌కీ బల్బుకీ అదే మేలు చేస్తుంది. సెన్సార్‌లో కొత్త బిళ్ల వేసి, బటన్ నొక్కుతూ రీకాన్ఫిగర్ చేయండి. బల్బుకి రీసెట్ సైగ వచ్చేదాకా హబ్ వైపు వెళ్లకండి. ప్లగ్‌కి వీపీఎన్ ఆపి, రౌటర్ జాబితా కళ్లముందు పెట్టుకుని ఒక్కసారి ప్రయత్నించండి. ఒకసారికి ఒకటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఏది ఆగినా మూడు సంగతులు రాయండి: బల్బు ఏ కంపెనీది, సెన్సార్ ఆగిన చోట లాగ్‌లో వచ్చిన చివరి నాలుగు పంక్తులు, ప్లగ్ రౌటర్ జాబితాలోకి వచ్చిందా లేదా.